ఏటీమెగా32ఎం1లో లిన్ బస్: హెడర్‌కో కమాండ్, రెస్పాన్స్‌కో కమాండ్

కారు కిటికీలు, సీటు మోటార్లు, సైడ్ అద్దాలు చాలావరకు లిన్ బస్ మీదే నడుస్తాయి. ఒకే తీగ, 12 వోల్టులు, గరిష్ఠంగా సెకనుకు 20 కిలోబిట్లు. అడిగేది మాస్టర్, బదులిచ్చేవి స్లేవ్‌లు. ప్రతి సందేశం (ఫ్రేమ్) రెండు భాగాలు: మాస్టర్ పంపే హెడర్, ఆ తర్వాత డేటా ఉండే రెస్పాన్స్. ఏటీమెగా32ఎం1 అనే మైక్రోకంట్రోలర్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక లిన్ కంట్రోలర్ ఉంది. బ్రేక్ (ఫ్రేమ్ మొదలని చెప్పే గుర్తు), సింక్ (వేగం సరిచూసుకునే బైట్), ఐడీ పారిటీ, చెక్‌సమ్ (చివర తప్పులు పట్టే బైట్) అన్నీ అదే చూసుకుంటుంది. అయితే ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి పంపే కమాండ్ మాత్రం అందులో లేదు. హెడర్‌కు ఒకటి, రెస్పాన్స్‌కు ఇంకొకటి ఇవ్వాలి. ఆ రెండింటి మధ్య నిర్ణయం మన ప్రోగ్రామ్‌ది. తప్పులు ఎక్కువగా జరిగేదీ అక్కడే.

ముందు వైరింగ్. చిప్ పీడీ3 పిన్ నుంచి టీజేఏ1021 లాంటి ట్రాన్సీవర్ (చిప్‌ను 12 వోల్టుల తీగకు కలిపే ఐసీ) టీఎక్స్‌డీకి, దాని ఆర్‌ఎక్స్‌డీ నుంచి పీడీ4 పిన్‌కి. మాస్టర్ వైపు బస్ తీగకూ 12 వోల్టులకూ మధ్య డయోడ్, 1 కిలోఓమ్ రెసిస్టర్ వరుసగా పెట్టాలి. స్లేవ్‌కు ట్రాన్సీవర్ లోపలి 30 కిలోఓమ్‌లు చాలు. గ్రౌండ్ అందరికీ ఒకటే. మాస్టర్‌కు క్రిస్టల్ తప్పనిసరిగా వాడండి, దాని వేగంలో తేడా 0.5 శాతం దాటకూడదు. స్లేవ్ సింక్ బైట్‌ను చూసి వేగాన్ని తనే సర్దుకుంటుంది కాబట్టి దానికి లోపలి ఆసిలేటర్ సరిపోతుంది.

బాడ్ రేటు: 16 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను 32తో, ఆపైన 26తో భాగిస్తే 19,231 వస్తుంది. 19,200కు ఇది చాలా దగ్గర. ఈ రెండు భాజకాల రిజిస్టర్లలో లిన్‌బీటీఆర్‌ను రీసెట్ విలువలోనే (32) ఉంచి, లిన్‌బీఆర్‌ఆర్‌లో 25 రాయండి. లోపల దానికి ఒకటి కలుస్తుంది కాబట్టి 26 కాదు, 25.

ఇక అసలు రిజిస్టర్, కమాండ్లు రాసే లిన్‌సీఆర్. లిన్ 2.1, మామూలు కాన్ఫిగరేషన్ అయితే నాలుగే విలువలు గుర్తుంచుకుంటే చాలు, అన్నీ హెక్స్‌లో. 08 అంటే ఉన్న పని ఆపి హెడర్ కోసం ఎదురుచూడు. 09 అంటే హెడర్ పంపు. 0ఏ అంటే రెస్పాన్స్ అందుకో. 0బీ అంటే రెస్పాన్స్ పంపు.

ఉదాహరణకు ఐడీ హెక్స్ 10 ఉన్న స్లేవ్‌ను మాస్టర్ నాలుగు బైట్లు అడుగుతోంది అనుకుందాం. ముందు లిన్‌సీఆర్‌లో 08 రాయాలి, తర్వాత ఐడీ రిజిస్టర్ లిన్‌ఐడీఆర్‌లో 10, ఆపైన లిన్‌సీఆర్‌లో 09. తీగ మీద బ్రేక్, సింక్ బైట్ 55, ఆ వెంటనే 50 వెళ్తాయి. 10 కాస్తా 50 అయిందేమని కంగారు పడకండి, పై రెండు బిట్లు కంట్రోలర్ లెక్కగట్టిన పారిటీ. హెడర్ పూర్తవగానే స్థితి తెలిపే లిన్‌ఎస్‌ఐఆర్ రిజిస్టర్‌లో ఎల్‌ఐడీఓకే ఫ్లాగ్ (ఐడీ అందిందని చెప్పే బిట్) లేస్తుంది. అప్పుడు బైట్ల సంఖ్య రాసే లిన్‌డీఎల్‌ఆర్‌లో 04, లిన్‌సీఆర్‌లో 0ఏ రాయాలి. ఈ పని ఇంటరప్ట్‌లోనే చేయండి. స్లేవ్ ఏ క్షణంలోనైనా మొదలుపెట్టవచ్చు, ఒక బైట్‌కు పట్టేది సుమారు 520 మైక్రోసెకన్లే. మెయిన్ లూప్‌లో ఎల్‌సీడీ రాస్తూ ఆలస్యం చేస్తే మొదటి బైట్ పోతుంది.

స్లేవ్ 08తో కాచుకుని ఉంటుంది. ఎల్‌ఐడీఓకే రాగానే ఐడీ చదివి, అది తనదైతే లిన్‌డీఎల్‌ఆర్‌లో 40 (పంపే బైట్ల సంఖ్య పై అంకెలో, అందుకునేది కింది అంకెలో), బఫర్‌లో ఎన్నో బైటో చెప్పే లిన్‌సెల్‌లో 0 రాసి, డేటా రిజిస్టర్ లిన్‌డాట్‌లో నాలుగు బైట్లు వరుసగా నింపి, చివర 0బీ ఇవ్వాలి. తనది కాకపోతే మళ్లీ 08.

ఫ్లాగ్‌ను తుడవడానికి ఆ బిట్‌లో 1 రాయాలి, కానీ ఆర్-ఈక్వల్‌తో (|=) కాదు. అలా రాస్తే అప్పటికే లేచి ఉన్న మిగతా ఫ్లాగులన్నీ కలిసి తుడిచిపెట్టుకుపోతాయి. రోజుకో రెండుసార్లు మాత్రమే కనబడి ఏడిపించే లోపాలు ఇక్కడే పుడతాయి. నేరుగా ఈక్వల్‌తోనే (=) రాయండి. ఇంకొకటి, కంట్రోలర్ పనిలో ఉందని చెప్పే ఎల్‌బిజీ బిట్ లేచి ఉన్నంతసేపు లిన్‌ఐడీఆర్, లిన్‌డీఎల్‌ఆర్, లిన్‌డాట్‌లలో రాసినది చెల్లదు.

హెడర్ పంపగానే ఎల్‌బీఈఆర్‌ఆర్ (బిట్ ఎర్రర్) వస్తే కోడ్ జోలికి వెళ్లకండి. కంట్రోలర్ తను పంపిన ప్రతి బిట్‌నూ పీడీ4 మీద తిరిగి చదువుకుంటుంది. ట్రాన్సీవర్‌కు 12 వోల్టులు అందకపోయినా, అది స్లీప్‌లో ఉన్నా, ఆర్‌ఎక్స్‌డీ తీగ ఊడినా ఇదే ఎర్రర్. ఎల్‌టీఓఈఆర్‌ఆర్ (టైమ్ అవుట్ ఎర్రర్) అయితే స్లేవ్ పలకలేదు, లేదా మీరు అడిగిన బైట్ల సంఖ్య ఎక్కువ. నాలుగు బైట్ల ఫ్రేమ్ 19,200 వద్ద సుమారు 4.4 మిల్లీసెకన్లు, స్టాండర్డ్ ఇచ్చిన 40 శాతం వెసులుబాటుతో 6.1. అందుకని షెడ్యూల్‌లో ఫ్రేమ్‌కు 10 మిల్లీసెకన్లు వదలండి.

డేటా సరిగ్గానే వచ్చి ఎల్‌సీఈఆర్‌ఆర్ (చెక్‌సమ్ ఎర్రర్) మాత్రం లేస్తుంటే అది చెక్‌సమ్ తగాదా. 01 02 03 04 బైట్లకు పాత లిన్ 1.3 పద్ధతిలో ఎఫ్5 వస్తుంది. లిన్ 2 పద్ధతి 50ని కూడా కలుపుతుంది కాబట్టి ఏ5 వస్తుంది. ఆసిలోస్కోప్ మీద చివరి బైట్ చూస్తే ఎదుటి స్లేవ్ ఏ కాలందో తేలిపోతుంది. పాతదైతే లిన్‌సీఆర్‌లో లిన్13 బిట్ పెట్టండి, అంటే పై విలువలకు హెక్స్ 40 కలపండి. ఆ మోడ్‌లో బైట్ల సంఖ్యను, పారిటీ కలపని ఆరు బిట్ల ఐడీలోని పై రెండు బిట్లే నిర్ణయిస్తాయి. హెక్స్ 10 ఐడీకి అవి 01, అంటే రెండు బైట్లే.