ముసురు విడిచే వేళ కొండల్ని ఫొటో తీయడం ఎలా?

ముసురు పట్టిన రోజుల్లో పొద్దున్నే మబ్బు కాస్త విడిచి, నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గం మీద ఎక్కడో ఒక్క చోట ఎండ పడుతుంది. చుట్టూ కొండంతా నల్లగా ఉంటే ఆ ముక్క మాత్రం తోమి బోర్లించిన రాగి చెంబులా మెరుస్తుంది. కెమెరా ఉన్నవాళ్లందరూ గబగబా తీస్తారు. ఇంటికెళ్లి చూసుకుంటే ఆ మెరిసిన ముక్క సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, మిగతా కొండ బూడిద రంగులో తేలుతుంది. తెచ్చి నాకు చూపించి, "కెమెరా మార్చాలేమో అన్నా" అంటారు. కెమెరా మార్చక్కర్లేదు. వెలుగు వచ్చాక కొలత తీసుకోవడం మానేసి, రాకముందే తీసి పెట్టుకోవాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క పని కోసమే. మిగతావి తొందరగా చెప్పేస్తాను.

ఎప్పుడు, ఎక్కడ

నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. చిత్త, స్వాతి కార్తెల్లో గాలి కడిగినట్టు ఉంటుంది. ఎండాకాలంలో కొండలకు వెళ్లకండి. దుమ్ము, ఆవిరి కలిసి పది కిలోమీటర్ల అవతల కొండ ఉందో లేదో తెలియదు. అల్పపీడనం బలహీనపడి, మబ్బులు ముక్కలుగా చెదిరే రోజు మన రోజు. ఫోన్ యాప్‌లో వాన బొమ్మ చూసి బయల్దేరవద్దు. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఇన్సాట్ ఉపగ్రహ చిత్రం అరగంటకోసారి మారుతుంది. అందులో మబ్బు దుప్పటిలా ఉంటే పడుకోండి, దూది పింజల్లా విడివిడిగా ఉంటే లేవండి. వాయుగుండం తీరం దాటే రోజు మాత్రం ఎవరూ వెళ్లకూడదు. వాగులు ఎటు నుంచి వచ్చి పడతాయో చెప్పలేం.

వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. మనకు కనిపించేది వాటి తూర్పు ముఖం. అందుకే ఉదయగిరికి, పెంచలకోనకు తెల్లవారుజామునే చేరుకోవాలి. సాయంత్రం వెళితే పొద్దు కొండ వెనక్కి ముందే దిగిపోయి, మీ ఎదుట నల్లటి గోడ ఒకటి మిగులుతుంది. సాయంత్రం తీయాలనిపిస్తే సోమశిలకు వెళ్లండి. పెన్న వెలిగొండల్ని చీల్చుకుని మైదానంలోకి దిగే చోటు అది. పడమటి కొండల వెనక పొద్దు వాలేటప్పుడు ఆ రంగంతా నీళ్లలోకి దిగుతుంది. అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

సామాను

బరువైన ట్రైపాడ్. దూరాన్ని దగ్గరకు తెచ్చే 70-200 లెన్సు. రెండు పొడి నూలు గుడ్డలు, ఒక ప్లాస్టిక్ కవరు, టార్చి. వైడ్ లెన్సు ఇంట్లో పెట్టండి. దానితో తీస్తే వెలిగొండ పొలం గట్టంత కనిపిస్తుంది. పోలరైజర్ ఫిల్టరు కూడా తీసేయండి. పొద్దు వీపు వెనక ఉన్నప్పుడు ఆకాశం మీద అది దాదాపు ఏమీ చేయదు, పైగా ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) వెలుగు మింగేస్తుంది.

కెమెరాను మాన్యువల్‌లో, రా ఫైల్‌లో (కెమెరా కుదించని ముడి ఫొటో) పెట్టండి. ఎఫ్/8, ఐఎస్ఓ 100, వైట్ బ్యాలెన్స్ డేలైట్. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజర్ ఆపేయండి. ఫోకస్‌ను కొండ అంచు మీద చేత్తో సరిచేసి, రింగు కదలకుండా టేపు ముక్క అంటించండి. ఆటో ఫోకస్ మబ్బు మీద తడుముకుంటూ ఉండగానే వెలుగు పోతుంది.

తొందర ఎందుకంటే

వీడియోల్లో విదేశీ ఫొటోగ్రాఫర్లు బంగారు వెలుగు గంటసేపు ఉంటుందని చెబుతారు. వాళ్ల దేశాల్లో పొద్దు ఏటవాలుగా ఎక్కుతుంది. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా 15 డిగ్రీల దగ్గర ఉన్నాం, మనకు పొద్దు దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది. ఆరు డిగ్రీలు ఎక్కడానికి దానికి 25 నిమిషాలు చాలు. ఆ తర్వాత ఎండ తెల్లబడుతుంది. ఆ 25 నిమిషాల్లో మబ్బు విడిచేది ఒకటి రెండు సార్లే. పొద్దు పొడవడానికి ముప్పావు గంట ముందే ట్రైపాడ్ నాటి ఉండాలి. నాలుగున్నరకు నెల్లూరులో టీ తాగి బయల్దేరేవాళ్లకు ఈ ఫొటో దొరకదు. ఆత్మకూరు మీదుగా వంద కిలోమీటర్ల దగ్గర ప్రయాణం, ముందు రాత్రే ఉదయగిరి చేరి పడుకోండి.

వెలుగును ముందే కొలవడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. అందరూ పాడుచేసుకునేది ఇక్కడే.

కెమెరాకు కొండ తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి సగటు తీసి, ఆ సగటు మధ్యస్థమైన బూడిద రంగుకు వచ్చేలా వెలుగు తీసుకుంటుంది. ఫ్రేములో తొంభై పాళ్లు మబ్బు నీడ, పది పాళ్లు ఎండ ఉంటే అది నీడను చూసి, "చీకటిగా ఉంది, ఇంకా వెలుగు కావాలి" అనుకుంటుంది. నీడ తేటపడుతుంది, ఎండ పడిన ముక్క కాలిపోతుంది. మనం అంత దూరం వెళ్లింది ఆ ముక్క కోసం. నేను నేర్చుకునే రోజుల్లో ఒక వర్క్‌షాప్‌లో, మబ్బు రోజున కెమెరా సగటును నమ్మితే చాలన్నారు. నమ్మాను. మూడు పర్యటనల ఫొటోలు పోయాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొండ మీద ఎండ ఇంకా పడలేదు కదా, దేన్ని కొలవాలి? ఎండ ఎక్కడ పడినా ఒకటే ఎండ. పొద్దు నుంచి వచ్చే వెలుగుకు మీ కాలి దగ్గరి బండ, ఐదు కిలోమీటర్ల అవతలి బండ రెండూ ఒకటే. కాబట్టి కొండ వెలిగేదాకా ఆగవద్దు. మీ చుట్టూ పొలంలోనో, రోడ్డు మీదో, ఇంకో గుట్ట మీదో ఎండ పడిన ముక్క కనిపించగానే ఫ్రేములో ఒక్క చోటునే కొలిచే స్పాట్ మీటరింగ్‌తో దాన్ని కొలవండి. కొలిచింది రాయి, ఎర్రమట్టి అయితే కెమెరా చెప్పినదానికి ఒక స్టాప్ పెంచండి. పచ్చని చెట్లయితే పెంచవద్దు. ఆ షట్టర్ వేగాన్ని కెమెరాలో పెట్టేసి, ఇక ముట్టుకోవద్దు. ఫ్రేము నల్లగా కనిపిస్తుంది, టెన్షన్ వస్తుంది, చెయ్యి డయల్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ఎండ వచ్చాక అది సరిపోతుంది.

ఎక్కడా ఎండ ముక్క దొరక్కపోతే ఒక లెక్క ఉంది. నడిమింట ఎండకు ఐఎస్ఓ 100, ఎఫ్/8 దగ్గర 1/400 సెకను సరిపోతుంది. పొద్దు పొడిచిన అరగంటలోపు ఎండ పలుచన కాబట్టి నేను 1/125తో మొదలుపెడతాను. తీసిన మొదటి ఫొటోలో హిస్టోగ్రామ్ (నీడను ఎడమకు, వెలుగును కుడికి చూపే గ్రాఫు) చూస్తాను, అది కూడా మూడు రంగులు విడివిడిగా. పొద్దుటి ఎండలో ముందు పొంగేది ఎరుపు. మొత్తం గ్రాఫు బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నా ఎరుపు కుడి గోడను తాకిందంటే కోట బండల రంగు పోయినట్టే. ఒక మెట్టు తగ్గించండి. నీడలో కొంచెం నలుపు మిగిలితే రా ఫైల్ నుంచి తర్వాత లాగవచ్చు, కాలిపోయిన బండను ఎవరూ తిరిగి తేలేరు. తెర మీద ఫొటో చూసి నిర్ణయించవద్దు. మసక చీకట్లో ఆ తెర ఎంత నల్లటి ఫొటోనైనా తేటగా చూపిస్తుంది.

ఇప్పుడు ఎదురుచూడటం. అందరూ కొండ వైపే చూస్తూ నిలబడతారు, అందుకే వెలుగు వచ్చినప్పుడు ఉలిక్కిపడతారు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మబ్బు సముద్రం మీద నుంచి కొండ మీదికి పోతుంది. మీరు పడమటికి తిరిగి ఉంటే అది మీ కుడి భుజం వెనక నుంచి వస్తుంది. కాబట్టి వెనక్కి తిరిగి మైదానం చూడండి. ఎండ మడుగులు పొలాల మీదుగా ఒకదాని వెనక ఒకటి పాక్కుంటూ వస్తుంటాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో కదిలే మబ్బుకు దాని నీడ నిమిషానికి అర కిలోమీటరు పోతుంది. కొండకు రెండు కిలోమీటర్ల దూరంలో ఎండ కనిపిస్తే మీకు నాలుగు నిమిషాలున్నాయి. ఆ నాలుగు నిమిషాల్లో లెన్సు తుడిచి, రిమోట్ చేతిలోకి తీసుకుని, ఊపిరి బిగపట్టకుండా నిలబడండి.

ఎండ కొండ పాదాన్ని తాకగానే నొక్కడం మొదలుపెట్టవద్దు. పైకి పాకనివ్వండి. కోట గోడ మీదికి వచ్చి, కింది వాలు మళ్లీ నీడలోకి జారే క్షణం ఉంటుంది. అప్పుడు కొండకు లోతు వస్తుంది. ఉదయగిరి దుర్గం చేజిక్కడానికి శ్రీకృష్ణదేవరాయలకు నెలల తరబడి ముట్టడి పట్టింది, 1514లో గానీ కాలేదు. ఆ వాలు ఎంత నిటారుగా ఉందో ఫొటోలో తెలియాలంటే సగం నీడ ఉండి తీరాలి.

మూడు ఫొటోలు వేర్వేరు వెలుగులో తీసి కంప్యూటర్‌లో కలిపేస్తే సరిపోదా అంటారు చాలామంది. సరిపోదు. మొదటి ఫొటోకు మూడో ఫొటోకు మధ్య మబ్బు నీడ కదిలిపోతుంది, గాలికి కొమ్మలు ఊగుతాయి. కలిపాక అంచులన్నీ అలుక్కుపోతాయి. పైగా అలా కలపడం నీడను, ఎండను ఒకే ఎత్తుకు తెచ్చి, మబ్బు రోజును మామూలు రోజు చేస్తుంది. నేను కలపను, మీరూ కలపవద్దు.

ఉరుములు

మెరుపు కనిపించాక సెకనుకో అంకె చొప్పున లెక్క పెట్టండి. ముప్పై అంకెలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. ట్రైపాడ్ వదిలేసి దిగండి, చెట్టు కింద నిలబడకండి, కారులో కూర్చోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కవద్దు. ఆ అరగంటలో మంచి వెలుగు పోతే పోనీ.

తిరిగి వచ్చేటప్పుడు

ఏసీ కారులోకి, గదిలోకి కెమెరాను నేరుగా తీసుకెళితే భయం లేదు. మళ్లీ బయటి తడిగాలిలోకి తెచ్చినప్పుడే లెన్సు మీద ఆవిరి పడుతుంది. అందుకే ముందు రాత్రి కెమెరాను ఏసీ లేని గదిలో పెట్టండి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లు మొత్తం బయటికి లాగి, మంచినీళ్లతో కడిగి, ఆరాకే మడవండి.