ఎకో బాగుందన్నా ఆయాసం తగ్గకపోతే

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు మన ఇళ్ళల్లో మగాడికి ఆయాసం వస్తే గుండె చూపిస్తారు. ఆడమనిషికి వస్తే గ్యాసనో, నెత్తురు తక్కువనో, వయసనో సర్దేస్తారు. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటికి సరిపడా రక్తం పంపలేకపోవడం) ఆలస్యంగా బయటపడేది ఇక్కడే.

మగవాళ్ళలో ఎక్కువగా గుండెపోటుతో కండరం దెబ్బతిని పంపింగ్ పడిపోతుంది. ఎకోలో (గుండె స్కానింగులో) ఈఎఫ్, అంటే ఒక్కో దెబ్బకి గుండె బయటికి నెట్టే రక్తం, 40 శాతమో, ఇంకా తక్కువో ఉంటుంది, వెంటనే తెలిసిపోతుంది. ఆడవాళ్ళలో, ముఖ్యంగా ముట్లుడిగాక, ఏళ్ళ తరబడి ఉన్న బీపీ, షుగరు, లావు వల్ల గుండె గోడ బిగుసుకుపోయే రకం ఎక్కువ. ఈఎఫ్ 50 పైనే ఉంటుంది. రిపోర్టు నార్మల్, మనిషేమో రెండు దిండ్లు లేకుండా పడుకోలేకపోతుంది! అప్పుడు ఎడమ కర్ణిక (గుండె ఎడమవైపు పై గది) సైజెంత, గుండె సరిగ్గా సడలుతోందా, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష (గుండె మీద ఒత్తిడి తెలిపేది) అవసరమా అని డాక్టరుని అడగండి. లావుగా ఉన్నవాళ్ళలో ఆ పరీక్ష అంకె ఉండాల్సినదానికన్నా తక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ తక్కువని తేలినా గుండెను వదిలేయకండి, రెండూ ఉండొచ్చు.

నెలలు నిండాక గానీ, కాన్పయిన 5 నెలల్లోపు గానీ పడుకుంటే ఊపిరాడకపోతే బాలింత నీరసమనుకోవద్దు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరంతో పాడైన వాల్వు కూడా కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంటుంది.

ఇంట్లో చేయాల్సింది బరువు చూసుకోవడం. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, గచ్చు మీద పెట్టిన అదే మిషను మీద. ఓ రోజు నేతచీర, ఓ రోజు నైటీ అయితే తేడా బట్టలదే అవుతుంది. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, డాక్టరుకి చెప్పాలి. మడమ పైన ఎముక మీద బొటనవేలితో 5 సెకన్లు నొక్కి గుంట నిలుస్తుందేమో చూడండి.

ఉప్పు రోజంతటికీ ఒక టీ చెంచాకి మించకూడదు. పఖాళంలో (నీళ్ళ చద్దన్నంలో) కలిపేది, ఆవకాయ, అప్పడం, ఎండుచేప అన్నీ ఆ లెక్కలోనే. ‘లో సోడియం’ ఉప్పు కొనేముందు అడగండి. అందులో పొటాషియం ఉంటుంది, స్పైరొనోలాక్టోన్ (నీరు తీసే గుండె మాత్ర) వాడేవాళ్ళకి ప్రమాదం.

మందులూ అందరికీ ఒకేలా పడవు. బీపీకీ గుండెకీ ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్‌తో పొడిదగ్గు ఆడవాళ్ళకే ఎక్కువ. దగ్గు సిరప్‌ తాగడం కాదు, మాత్ర మార్పించుకోవాలి. ఇవీ, టెల్మిసార్టన్, సాక్యుబిట్రిల్ లాంటివీ గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి, కాబట్టి పిల్లల ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. షుగరుకీ గుండెకీ ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్‌తో మర్మాంగం దగ్గర దురద ఆడవాళ్ళలో ఎక్కువ, మందుతో తగ్గిపోతుంది. స్పైరొనోలాక్టోన్‌తో కొందరు మగవాళ్ళకి రొమ్ము వాచి నొప్పెడుతుంది. సిగ్గుపడి మాత్ర మానేస్తారు. చెబితే ఎప్లెరినోన్‌కి మారుస్తారు.

వీటన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. ఉప్పునీ నీటినీ ఒంట్లో ఆపేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి.

విశాఖ వెళ్తే పాత ఎకో, ఈసీజీ, వాడుతున్న మాత్రల అట్టలు ఒకే సంచిలో పట్టుకెళ్ళండి.

పడుకోలేక ఊపిరాడక రొప్పుతున్నా, దగ్గితే గులాబీ నురగ పడుతున్నా కాళ్ళు వేలాడేలా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టొద్దు, నీళ్ళు పట్టొద్దు.