యాక్టివ్ బేస్‌కు ఫజ్ కుదరడం లేదా? పెడల్ మార్చే ముందు ఇవి చూడండి

"అన్నా, ఇది డూప్లికేటేమో చూడవా" అంటూ ఒక తమ్ముడు మా రిహార్సల్ రూముకు పెడల్ పట్టుకొచ్చాడు. చేతిలో యాక్టివ్ బేస్, అంటే లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్) ఉన్న బేస్ గిటార్. గుండ్రటి డబ్బాలో ఫజ్, అంటే శబ్దాన్ని కావాలనే చితక్కొట్టి గరుకు చేసే పెడల్. తొక్కగానే రేకు డబ్బాలో కందిరీగ దూరినట్టు ఒకటే మోత. పెడల్ ఒరిజినలే. అతని బేస్ మీదున్న బుల్లి స్విచ్చిని ప్యాసివ్ వైపు, అంటే ప్రీయాంప్‌ను పక్కన పెట్టే వైపు, నొక్కాను. అదే పెడల్, అదే యాంప్, మోత గుండ్రబడింది. వాడి మొహం చూడాలి.

నా దగ్గరికి వచ్చే ఫజ్ ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పెడల్‌కు ముందే ఉంటుంది. బేస్ లోపలి ప్రీయాంప్ ఎంత గట్టిగా, ఏ రకంగా సిగ్నల్ తోస్తోందో తెలియకుండా ఫజ్ ఎంచుకుంటే డబ్బులు దండగే.

పెడల్ ఆపినా గరగర వస్తోంది

ఇది ఫజ్ కాదు, బ్యాటరీ. బేస్ వెనక మూత తీసి 9 వోల్టుల బ్యాటరీని మల్టీమీటర్‌తో చూడండి. కొత్తది 9.5 దాకా చూపిస్తుంది. 7 దగ్గరికి దిగిందంటే ప్రీయాంప్‌కు ఊపిరి చాలదు, గట్టిగా వాయించిన ప్రతి నోటూ అక్కడే చితికిపోతుంది. ఆ చితికిన సిగ్నల్ ఫజ్‌లోకి వెళ్తే ఇక చెప్పేదేముంది. చాలా బేస్‌లలో కేబుల్ గుచ్చితేనే ప్రీయాంప్ ఆన్ అవుతుంది. రాత్రి కేబుల్ అలాగే వదిలేస్తే బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది.

కందిరీగ మోత, వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు

ఫజ్ ఫేస్ తరహా పెడల్స్‌తో వచ్చే గొడవ ఇది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వాళ్లు తెచ్చిన ఆ సర్క్యూట్‌లో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) చాలా తక్కువ, కొన్ని వేల ఓంలే. ప్యాసివ్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నటి రాగి తీగ. స్వరం పైకి వెళ్లేకొద్దీ ఆ చుట్ట అడ్డు పెరుగుతుంది. దాన్ని ఫజ్ ఫేస్‌కు తగిలిస్తే ట్రెబుల్ దారిలోనే నీరసపడి, శబ్దం మెత్తగా వస్తుంది. ఒకరకంగా ఆ పికప్ కూడా సర్క్యూట్‌లో భాగమే.

యాక్టివ్ బేస్‌లో పికప్‌కూ పెడల్‌కూ మధ్య ప్రీయాంప్ నిలబడుతుంది. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువ. పెడల్ ఎంత లాగినా ట్రెబుల్ తగ్గదు, మొత్తం లోపలికి దూసుకుపోతుంది. వాల్యూమ్ నాబ్ సంగతీ అంతే. ప్యాసివ్ బేస్‌లో నాబ్ తగ్గిస్తే పికప్‌కూ ఫజ్‌కూ మధ్య రెసిస్టెన్స్ చేరి ఫజ్ పలచబడుతుంది. యాక్టివ్‌లో ఆ నాబ్ మామూలుగా ప్రీయాంప్‌కు ముందే ఉంటుంది కనుక ఆ మాయ జరగదు.

ఏం చేయాలి? ప్యాసివ్ స్విచ్ ఉంటే నొక్కండి, అదే మొదటి మందు. కానీ 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే లాంటి బేస్‌లలో ఆ స్విచ్ లేదు, బ్యాటరీ పోతే బేసే మూగబోతుంది. అలాంటప్పుడు చిన్న డబ్బాలో రెండు జాక్‌లు బిగించి, వాటి మధ్య సిగ్నల్ దారిలో 22 కిలో ఓంల రెసిస్టర్ ఒకటి వేయండి. రెసిస్టర్ బదులు 50 కిలో ఓంల పాట్ (తిప్పి రెసిస్టెన్స్ మార్చే నాబ్) పెడితే ఇంకా మంచిది, పోగొట్టుకున్న వాల్యూమ్ నాబ్ తిరిగి దొరికినట్టే. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామానంతా దొరుకుతుంది. రెసిస్టర్ రాగి చుట్టలాగా ట్రెబుల్‌ను మింగదు. కనుక బేస్ మీద ట్రెబుల్ నాబ్ కూడా కొంచెం దించాలి. ఫజ్‌కు ముందు బఫర్ ఉన్న పెడల్ ఉంటే దాన్ని ఫజ్ తర్వాతకు జరపండి, అదీ ప్రీయాంప్ చేసే పనే చేస్తుంది.

ఇదంతా ఎందుకనుకుంటే ఫజ్ ఫేస్ తరహా పెడల్ జోలికే వెళ్లకండి. దాని బదులు బిగ్ మఫ్ అనే మరో ఫజ్ కుటుంబం చూడండి, వాటి ఇన్‌పుట్‌లోనే పదుల వేల ఓంల రెసిస్టర్ ఉంటుంది. ముందున్నది యాక్టివా ప్యాసివా అని అది పెద్దగా పట్టించుకోదు. ప్యాసివ్ స్విచ్ లేని బేస్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది బిగ్ మఫ్ తరహానే.

ఫజ్ తొక్కగానే బేస్ బ్యాండులోంచి మాయమైంది

ఫజ్‌కు బేస్ కొత్తేం కాదు. 1961లో విడుదలైన ఒక నాష్‌విల్ (అమెరికా) రికార్డులో, పాడైన మిక్సర్ ఛానెల్ గుండా వచ్చిన ఆరు తీగల బేస్ శబ్దమే జనానికి ఫజ్ రుచి చూపించింది. మరుసటి ఏడే మాయెస్ట్రో ఫజ్-టోన్ పెడల్ వచ్చింది. అయినా తర్వాతి పెడల్స్ చాలావరకు గిటార్ కోసం చేసినవి. బేస్ మందపు ఇ తీగ మూలస్వరం 41 హెర్ట్జ్, అయిదు తీగల బేస్‌లో బి తీగ 31. గిటార్ ఫజ్‌లో చిన్న కెపాసిటర్లు ఆ మంద్రాన్ని వడకట్టేస్తాయి. బిగ్ మఫ్ తరహాలో ఇంకో చిక్కు: టోన్ నాబ్ మధ్యలో పెడితే సుమారు 1000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే కొండంత శబ్దం, డ్రమ్స్, గిటార్ కలవగానే గాలికి పోతుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, గిటార్ మీదున్న మంద్రం (బేస్) నాబ్‌ను పూర్తిగా తిప్పేయడం. ఆ నాబ్ ఫజ్‌కు ముందు ఉంది. ప్రీయాంప్‌లో 12 డెసిబెల్స్ పెంచితే ఆ భాగం వోల్టేజీ నాలుగు రెట్లవుతుంది. ఫజ్ దాన్నంతా చితక్కొట్టి ముద్ద చేస్తుందే తప్ప అదనపు మంద్రం బయటికి రాదు. ఫజ్‌కు ముందున్న ఈక్వలైజర్ (మంద్రం, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) ఫజ్ గుణాన్ని మారుస్తుంది, తర్వాతది టోన్‌ను మారుస్తుంది. కనుక బేస్ మీద నాబ్‌లు మధ్యకు తెచ్చి, యాంప్ మీద మిడ్ (మధ్య స్వరాలు) పెంచండి. నేనైతే బేస్ మీద మంద్రం నాబ్ కొంచెం దించుతాను కూడా. నోటు అంచు తేటగా తెలుస్తుంది.

అసలు మందు మాత్రం బ్లెండ్ నాబ్, అంటే ఫజ్ శబ్దంతో ఫజ్ తగలని తేట సిగ్నల్‌ను కలిపేది. తేట సిగ్నల్ కింద నిలబడితే పైన ఫజ్ ఎంత అల్లరి చేసినా పాట కూలదు. యాక్టివ్ బేస్‌కు కొనేటప్పుడు నేను మొదట వెతికేది ఆ నాబ్‌నే.

గట్టిగా వాయిస్తే నోటు ఉక్కిరిబిక్కిరై, కాసేపటికి తేరుకుంటోంది

స్లాప్ చేస్తే (తీగను బొటనవేలితో కొట్టి వాయిస్తే) యాక్టివ్ బేస్ ఒక వోల్టు దాటి తోయడం మామూలే. ఆ దెబ్బకు ఫజ్ లోపలి కెపాసిటర్ నిండిపోయి ట్రాన్సిస్టర్ బయాస్ (అది సరిగ్గా పనిచేసే వోల్టేజీ స్థాయి) పక్కకు జరుగుతుంది, అది ఖాళీ అయ్యేదాకా స్వరం గొంతు నొక్కినట్టే ఉంటుంది. సిగ్నల్ తగ్గించడమే మార్గం. మఫ్ తరహా పెడల్‌కు ముందు 10 కిలో ఓంలు సిగ్నల్ దారిలో, దాని తర్వాత 4.7 కిలో ఓంలు గ్రౌండ్‌కు వేస్తే సిగ్నల్ మూడో వంతుకు, అంటే సుమారు 10 డెసిబెల్స్ దిగుతుంది. కొన్ని బేస్ ఫజ్‌లలో ఇలా ఇన్‌పుట్ తగ్గించే స్విచ్ ముందే ఉంటుంది, ఉంటే మీ పని తేలిక.

మెల్లగా వాయించినా ఇలాగే ఉంటే, పెడల్‌లోవి పాతకాలపు జెర్మేనియం ట్రాన్సిస్టర్లైతే, ఎండను అనుమానించండి. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజీ కరెంటు సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. మే నెలలో విజయవాడలో షామియానా కింద స్టేజీ మీద దాని బయాస్ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. మన ఊళ్లకు సిలికాన్ ట్రాన్సిస్టర్లే నయం.

బ్లెండ్ మధ్యలో పెడితే శబ్దం పలచబడుతోంది

ఫజ్ దారి సిగ్నల్‌ను తలకిందులు చేస్తుంటే అది తేట సిగ్నల్‌తో కలిసి మంద్రాన్ని రద్దు చేస్తుంది. రెండు చివర్లలో నిండుగా ఉండి మధ్యలో ఖాళీ అయితే ఇదే. ఫేజ్ స్విచ్ (సిగ్నల్‌ను తిరగేసేది) ఉంటే మార్చండి. లేకపోతే ఆ పెడల్ బ్లెండ్‌ను వదిలేసి వేరేది చూసుకోండి.

అడాప్టర్ పెట్టగానే హమ్, లేదా ఏ పెడలూ వెలగడం లేదు

పాత పద్ధతి జెర్మేనియం ఫజ్‌లు చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్, అంటే మిగతా పెడల్స్‌కు తలకిందులుగా ప్లస్ కొస గ్రౌండ్‌కు ఉంటుంది. మిగతా పెడల్స్‌తో ఒకే గొలుసు అడాప్టర్‌కు తగిలిస్తే షార్ట్ అవుతుంది. దానికి వేరే బ్యాటరీ పెట్టండి.

షాపులో అద్భుతం, ఇంటికొచ్చాక చెత్త

ఇదీ నాకు జరిగిందే. షాపువాళ్లు చేతికిచ్చింది ప్యాసివ్ బేస్, నాది యాక్టివ్. పైగా ఏసీ గది, పక్కన డ్రమ్స్ లేవు. ఇప్పుడు నా బేస్, నా కేబుల్ తీసుకెళ్తాను. నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, మందపు తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర జి పట్టుకుని, అది ఆరిపోయేదాకా వింటాను. మధ్యలో తెగితే ఆ పెడల్ పక్కన పెట్టేస్తాను. తర్వాత ఫోన్‌లో ఒక డ్రమ్ లూప్ గట్టిగా పెట్టి అదే నోటు మళ్లీ వాయిస్తాను. షాపబ్బాయికి విసుగొస్తుంది, రానివ్వండి.