బియర్డెడ్ డ్రాగన్ ఒళ్ళు చేసినా, చిక్కిపోయినా: సమస్య - పరిష్కారం

బియర్డెడ్ డ్రాగన్ బరువులో తేడా కనబడగానే అందరూ తిండి గిన్నె వంక చూస్తారు. ముందు చూడాల్సింది లైటు. మధ్య ఆస్ట్రేలియా ఎండు నేలల్లో పుట్టిన బల్లి జాతి ఇది. తన ఒంట్లో తాను వేడి పుట్టించుకోలేదు కాబట్టి తిన్నది అరగాలన్నా బయటి వేడే ఆధారం. లైటు కింద రాయి చల్లగా ఉంటే ఎంత మంచి తిండి పెట్టినా కడుపులో అలాగే ఉండిపోతుంది. అందుకే కింది సమస్యల్లో ఏది ఎదురైనా మొదటి పని ఒకటే: ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గన్‌తో బాస్కింగ్ రాయి (లైటు కింద అది ఎండ కాగే రాయి) ఉపరితల వేడిని కొలవడం. పెద్దవాటికి 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్, అంటే 100 నుంచి 108 ఫారెన్‌హీట్ ఉండాలి. ట్యాంకు చల్లని వైపు 24 నుంచి 28 డిగ్రీలు చాలు. గోడకు అంటించే గుండ్రటి డయల్ మీటర్లు గోడ వేడిని చూపిస్తాయి, రాయి వేడిని కాదు. వాటిని నమ్మవద్దు.

ముందు తూకం, తర్వాత ఒంటి తీరు

ఒక్క గ్రాము తేడా కూడా చూపే డిజిటల్ తూకం సరిపోతుంది. ఆ తూకాన్ని, దాని మీద పెట్టే ప్లాస్టిక్ డబ్బాను దీనికే కేటాయించి, మళ్ళీ వంటింట్లోకి తేకండి. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న డ్రాగన్ రెట్టలో కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. 2024లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సిడిసి ఈ పెంపుడు డ్రాగన్లతో ముడిపడిన సాల్మొనెల్లా వ్యాప్తి మీదే హెచ్చరిక ఇచ్చింది. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. పెద్దవాళ్ళు కూడా పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వారానికోసారి, ఒకే రోజు, ఉదయం తిండి పెట్టకముందు తూచి రాసుకోండి. రెట్ట వేసిందా లేదా అనేది పక్కనే రాయండి. ఒక్క పెద్ద రెట్టతోనే పది గ్రాములకు పైగా తేడా వస్తుంది కాబట్టి ఒక వారం అంకె చూసి కంగారు పడొద్దు, నాలుగు వారాల వరుస చూడండి. మామూలుగా ఎదిగిన డ్రాగన్ ముక్కు నుంచి తోక కొస దాకా 45-55 సెం.మీ. పొడవు, 350-500 గ్రాముల బరువు ఉంటుంది. పెద్ద చట్రం ఉన్నదానికి 550 కూడా సరైన బరువే కావచ్చు. అందుకే అంకె ఒక్కటే చాలదు.

తల మీద, కళ్ళ వెనక భాగంలో రెండు కొవ్వు మెత్తలుంటాయి. అవి సమంగానో, కాస్త నిండుగానో ఉంటే మంచిది. గుంటలు పడితే చిక్కిందనో, నీరు తగ్గిందనో అర్థం. ఉబ్బెత్తుగా పొంగితే కొవ్వెక్కింది. తర్వాత తోక మొదలు పట్టుకుని చూడండి. తుంటి ఎముకలు చేతికి గుచ్చుకోకూడదు. ఎండ కాగేటప్పుడు ఇవి పక్కటెముకలు విప్పి పొట్టను రొట్టెలా పరుచుకుంటాయి, ఆ వెడల్పును లావు అనుకోవద్దు. నడిచేటప్పుడు చూడాలి. పొట్ట నేలకు రాసుకుంటూ ఉందా, చంకల దగ్గర మడతలు పడ్డాయా? అలా ఉంటే అది లావే.

సమస్య: పెద్ద డ్రాగన్ లావెక్కింది

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. పిల్లగా ఉన్నప్పుడు పెట్టిన తిండిని ఎదిగాక కూడా కొనసాగించడం. పిల్లలకు తిండిలో మూడు వంతులు కీటకాలు, ఒక వంతు ఆకులు కావాలి. ఏడాది, ఏడాదిన్నర దాటాక ఈ లెక్క తిరగబడాలి, మూడు వంతులు ఆకులే ఉండాలి. కానీ అది కీటకాల కోసం గాజుకు అతుక్కుని చూస్తుంటే ఇంట్లోవాళ్ళు జాలిపడి రోజూ నాలుగు వేస్తారు. పైగా వేసేది పురుగుల్లో అతి కొవ్వున్నవి. వాక్స్‌వార్మ్ బరువులో నాలుగో వంతు దాకా కొవ్వే. సూపర్‌వార్మ్‌లో 17-18 శాతం. క్రికెట్లలో (కీచురాళ్ళలో) 6-7 శాతం, హార్న్‌వార్మ్‌లో సుమారు 3 శాతం మాత్రమే.

పరిష్కారం మెల్లగా నడవాలి. వాక్స్‌వార్మ్‌లు, సూపర్‌వార్మ్‌లు పూర్తిగా ఆపండి. రెండు సెంటీమీటర్ల డుబియా బొద్దింకలో, క్రికెట్లో వారానికి రెండుసార్లు, పూటకు ఐదారు వేస్తే చాలు. ఆకులు రోజూ పెట్టండి. 600 గ్రాములున్నది నెలకు 20-25 గ్రాములు తగ్గితే సరైన దారిలో ఉన్నట్టే. అంతకంటే వేగంగా తగ్గిద్దామని తిండి మానిపించడం ప్రమాదం, ఎందుకో కింద చెప్తాం.

చాలామంది ఇక్కడ ఓడిపోయేది ఆకుల దగ్గరే. కీటకాలకు అలవాటు పడ్డ డ్రాగన్ ఆకుల గిన్నె వైపు తల కూడా తిప్పదు. లైటు వెలిగిన గంటకు, ఒళ్ళు వేడెక్కాక ఆకులు పెట్టండి. కీటకాలు మధ్యాహ్నం తర్వాతే. ఆకును దాని కళ్ళ మధ్య దూరం కంటే సన్నగా తరగండి. ఆ తరుగు మీద రెండు మూడు బతికున్న బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు వేస్తే అవి మెలికలు తిరుగుతూ ఆకు సందుల్లోకి దూరుతాయి. పురుగును పట్టబోయి డ్రాగన్ నోటి నిండా ఆకు తీసుకుంటుంది. రెండు మూడు వారాలు ఓపికపడితే చాలావరకు దారికొస్తాయి.

ఏ ఆకులు? మన ఫ్రిజ్‌లో ఉండేవన్నీ పనికిరావు. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, వీటన్నిట్లో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. రోజూ పెట్టదగ్గవి కాలర్డ్ ఆకులు, ఆవ ఆకులు, టర్నిప్ ఆకులు, డాండెలియన్, ఎండైవ్. లేత మునగాకు అప్పుడప్పుడు కలపొచ్చు, కాల్షియం బాగా ఉంటుంది. బటర్‌నట్ స్క్వాష్ తురుము కొద్దిగా వేయండి. మందు కొట్టని మందార రేకలు చాలా ఇష్టంగా తింటాయి. పండు వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు మించొద్దు. ఉల్లి, వెల్లుల్లి వద్దు, అవకాడో విషం. వేసవి సాయంత్రాల్లో పెరట్లోకి తీసుకెళ్తే మిణుగురులు దాని నోటికి అందకుండా చూడండి. ఒక్కటి మింగినా ప్రాణం పోవచ్చు.

తిండి తర్వాత కదలిక. ఎదిగినదానికి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ట్యాంకు కావాలి. తిండి గిన్నెను బాస్కింగ్ రాయికి దూరంగా, అవతలి కొసన పెట్టండి. కీటకాలను గిన్నెలో పోయకుండా వదిలి తరిమి పట్టుకోనివ్వండి, తినని వాటిని రాత్రికి తీసేయండి. వదిలేసిన క్రికెట్లు నిద్రలో డ్రాగన్‌నే కొరుకుతాయి. భుజాల ఎత్తుకు మించని గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఈదించొచ్చు. మీరు పక్కనే ఉండాలి.

సమస్య: లావుగా ఉన్నది హఠాత్తుగా తినడం మానేసింది

ఈ సమస్యలన్నిటికన్నా దీన్నే ముందు పట్టించుకోవాలి. బాగా కొవ్వున్న డ్రాగన్ తిండి మానేస్తే, ఒంట్లో దాచుకున్న కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని తట్టుకోలేక కొవ్వుతో నిండిపోతుంది. అప్పటికి ఆకలి ఇంకా చచ్చిపోతుంది, మందకొడిగా పడి ఉంటుంది. ఉపవాసంతో సన్నబరచాలనుకునేవాళ్ళు చేజేతులా తెచ్చిపెట్టేది ఈ జబ్బునే.

ముందు రాయి వేడి చూడండి. బల్బు మాడిపోయి ఉండొచ్చు, సరిచేస్తే రెండు రోజుల్లో తింటుంది. వేడి సరిగ్గానే ఉండి, వారం రోజులుగా ఆకూ కీటకమూ ఏదీ ముట్టకపోతే సరీసృపాల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. రక్తపరీక్ష, ఎక్స్-రే లేదా అల్ట్రాసౌండ్ అవసరమవుతాయి. నోట్లోకి బలవంతంగా తిండి ఎక్కించడం వైద్యుడు చెప్పాకే. ఒళ్ళు చల్లబడి, నీరు తగ్గి ఉన్నప్పుడు పోస్తే అరగదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

సమస్య: వారం పది రోజుల్లోనే పొట్ట పెరిగింది

కొవ్వు ఇంత తొందరగా రాదు. ఆడదైతే మొదట గుడ్లు అనుకోండి. మగది పక్కన లేకపోయినా ఎదిగిన ఆడ డ్రాగన్ గుడ్లు పెడుతుంది. అరచేతిలో పట్టుకుని పొట్ట కింద మెల్లగా వేళ్ళు ఆనిస్తే ద్రాక్షపళ్ళలా ఉండలు తగులుతాయి. నొక్కకండి. అటూ ఇటూ పచార్లు చేస్తుంది, మూలలు తవ్వుతుంది, తిండి తగ్గిస్తుంది. పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో 25-30 సెం.మీ. లోతున తడి మట్టి, ఇసుక కలిపి పోయండి. వేలితో సొరంగం చేస్తే కూలకుండా నిలిచేంత తడి ఉండాలి. గుడ్లు పెట్టాక తోక మొదలు గుంటలు పడి, బరువు బాగా పడిపోతుంది. అప్పుడు రెండు మూడు వారాలు కాల్షియం పొడి అద్దిన కీటకాలు ఎక్కువ పెట్టండి. ఆ తర్వాత ఆపకపోతే మళ్ళీ గుడ్లకు సిద్ధమవుతుంది. రోజుల తరబడి తవ్వుతూ గుడ్లు పెట్టలేక నీరసపడితే అది గుడ్లు అడ్డుపడటం. ఆలస్యం చేయకూడదు.

మగదైతే, లేదా గుడ్లు కాకపోతే మలబద్ధకం చూడండి. పెద్ద కీటకాలు, చల్లని రాయి, ఇసుక మింగడం దీనికి కారణాలు. వేడి సరిచేసి, గోరువెచ్చని నీళ్ళలో 15 నిమిషాలు ఉంచండి. రెండు మూడు రోజులు అలా చేసినా రెట్ట రాకపోయినా, వెనక కాళ్ళు ఈడుస్తున్నా వైద్యుడే దిక్కు. తినకపోయినా పొట్ట ఉబ్బుతూ, కాళ్ళూ మెడా ఎండిపోతుంటే లోపల నీరు చేరడమో, గడ్డో ఉండొచ్చు.

సమస్య: తింటోంది, అయినా చిక్కిపోతోంది

వేడి, వెలుతురు సరిగ్గా ఉన్నాయంటే అనుమానం పేగుల్లోని పరాన్నజీవుల మీదకే పోవాలి. నీళ్ళలా, భరించలేని కంపుతో రెట్ట వస్తే కాక్సీడియా కావచ్చు. తాజా రెట్టను జిప్ సంచిలో వేసి, తిండి సామాను లేని చోట చల్లగా ఉంచి, 24 గంటల్లోపు పరీక్షకు ఇవ్వండి. పిన్‌వార్మ్‌లు కొద్దిగా కనిపిస్తే ప్రతిసారీ మందు అక్కర్లేదు, ఎంత ఉన్నాయో చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు. మందు వాడేటప్పుడు ట్యాంకులో కాగితం తప్ప ఏమీ పరవొద్దు, రెట్ట వేసిన వెంటనే తీసేయండి. కాక్సీడియా గుడ్లకు బ్లీచ్ పనిచేయదు, ఆవిరి వేడి పనిచేస్తుంది. మందు అయ్యాక మళ్ళీ పరీక్ష చేయించకపోతే సగం వైద్యమే చేసినట్టు.

పరీక్షల్లో ఏమీ దొరకక, రెండేళ్ళు పైబడిన డ్రాగన్ వాంతులు చేసుకుంటూ చిక్కుతుంటే రక్తంలో చక్కెర చూడమని అడగండి. ఈ జాతిలో కడుపులో వచ్చే ఒక రకం క్యాన్సర్ నడివయసు రాకముందే కనిపిస్తుంది, అందులో చక్కెర బాగా పెరుగుతుంది.

సమస్య: పిల్ల ఎదగడం లేదు

పిల్ల బరువు వారం వారం పెరుగుతూ ఉండాలి. రెండు వారాలు ఒకే అంకె దగ్గర నిలిచిపోతే కారణం వెతకాలి. ఒకే ట్యాంకులో రెండు పిల్లలుంటే వెంటనే విడదీయండి. ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకోవడం ప్రేమ కాదు, పైది కిందదాని లైటును లాక్కుంటోంది. తిండీ అంతే. తోకలు, కాలివేళ్ళు కొరుక్కోవడం కూడా జరుగుతుంది.

కళ్ళ మధ్య దూరం కంటే పెద్ద కీటకం వేయొద్దు. రోజుకు రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాల్లో తిన్నన్ని పెట్టండి. రోజూ ఒక పూట కీటకాలకు కాల్షియం పొడి అద్దండి. యువిబి (అతినీలలోహిత కిరణాల) ట్యూబు సంగతి మరీ ముఖ్యం. ట్యాంకు పొడవులో సగం నుంచి మూడింట రెండు వంతులు ఉండే టి5 రకం సన్నటి ట్యూబు, యువిబి 10 లేదా 12 శాతం అని రాసి ఉన్నది పెట్టి, ఏడాదికోసారి మార్చండి. వెలుగుతూనే ఉన్నా యువిబి తగ్గిపోతుంది, కంటికి తెలియదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, గాజు యువిబిని ఆపేస్తుంది. దవడ మెత్తబడటం, కాలివేళ్ళు అదురుతుండటం, ముంజేతులు వంకర తిరగడం కనిపిస్తే ఎముకల జబ్బు మొదలైంది. కాల్షియం పొడి పెంచి చూద్దామనుకోకుండా ఆ రోజే వైద్యుడికి చూపించండి.

సమస్య: చలికాలంలో తినదు, ఎప్పుడూ నిద్ర

ఏడాది దాటిన ఆరోగ్యవంతమైన డ్రాగన్‌కు ఇది సహజమైన చలికాలపు మత్తు కావచ్చు. అప్పుడు బరువు దాదాపు కదలదు. రెండు వారాలకోసారి తూచండి. మొదటి బరువులో 10 శాతం పోయిందంటే అది మత్తు కాదు, జబ్బు. ఏడాది లోపు పిల్లను, అప్పటికే చిక్కి ఉన్నదాన్ని మత్తులోకి పోనివ్వకండి. శరత్కాలంలోనే రెట్ట పరీక్ష చేయించి పెట్టుకుంటే ఈ అనుమానాలు చాలా తగ్గుతాయి.

సమస్య: ఊరెళ్ళి వచ్చేసరికి బరువు మారిపోయింది

అమెరికాలోని మన ఇళ్ళలో ఇది తరచూ జరుగుతుంది. నెలా నెలన్నర ఇండియా ప్రయాణం, డ్రాగన్ స్నేహితుల ఇంట్లో. వాళ్ళు ప్రేమకొద్దీ రోజూ కీటకాలు వేస్తారు, లేదా భయపడి అసలు వేయరు. లైట్లకు టైమరు పెట్టండి: వేసవిలో 13-14 గంటలు, చలికాలంలో 10-11. ఒక అదనపు బాస్కింగ్ బల్బు ఇచ్చి వెళ్ళండి. కీటకాలను డబ్బాలో వదిలేయకుండా ఒక్కో పూటకు ఒక్కో చిన్న కప్పులో లెక్కపెట్టి, మూతకు చిల్లులు పెట్టి, తేదీ రాయండి. రెండో వారానికి సరిపడా వాళ్ళింటికే కొరియర్లో వచ్చేలా చూస్తే కీటకాలు చావవు. ప్రతి ఆదివారం తూకం మీద డబ్బా ఫోటో తీసి పంపమనండి. ఏ అంకె దాటితే వైద్యుడికి ఫోన్ చేయాలో ఆ అంకెను, వైద్యుడి నంబరును ట్యాంకుకే అంటించండి.