పసుపు కాగితం ఎర్రబడలేదా? ఇంట్లో ఆమ్ల-క్షార ప్రయోగాల్లో వచ్చే చిక్కులు

పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పుస్తకంలో 'అమ్ల', 'క్షార' అని చదువుకొచ్చి సాయంత్రం ట్యూషన్‌లో నన్ను తెలుగులో అడుగుతారు. అడిగేది ఎక్కువగా ఒకటే: "మాస్టారూ, రంగు మారలేదు." నేను చూసినంతలో తప్పు పాఠంలో ఉండదు. నీళ్ళలోనో, డబ్బాలోనో ఉంటుంది.

నిమ్మరసం వేసినా పసుపు పసుపుగానే ఉంది

ఉండాలి కూడా. పసుపు క్షారానికే పలుకుతుంది, ఆమ్లానికి పలకదు. రంగు మారకపోతే 'క్షారం కాదు' అని మాత్రమే రాయండి. అది ఆమ్లమో, మామూలు నీళ్ళో పసుపు చెప్పలేదు. నిమ్మరసం పని కళ్ళారా చూడాలంటే ముందు కాగితం మీద సున్నపు తేట రాసి ఎర్రగా చేయండి. ఆ ఎరుపు మీద ఒక్క చుక్క నిమ్మరసం వేస్తే పడ్డ చోటల్లా మళ్ళీ పసుపు. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ ఇంతే కదా, పసుపూ సున్నమూ. మా ఇంట్లో ఓసారి పళ్ళెంలో మిగిలిన ఎర్రనీళ్ళలో మేనకోడలు నిమ్మచెక్క పిండేసింది. అమ్మ అపశకునం అని కంగారుపడింది, నాకు మాత్రం మర్నాటి పాఠం దొరికింది.

వంటసోడాకు ఎరుపు సరిగా రావడం లేదు

వంటసోడా నీళ్ళ పీహెచ్ (ఆమ్ల-క్షారాల కొలత, 7 దాటితే క్షారం) సుమారు 8.3. పసుపు రంగు మారేది ఆ చుట్టుపక్కలే, అందుకే ఎరుపు తేలిపోయినట్టు ఉంటుంది. చాకలి సోడా నీళ్ళు 11 దాకా ఉంటాయి, వెంటనే ఎర్రబడుతుంది. అది దొరక్కపోతే వంటసోడానే పొడి మూకుడులో బాగా వేయించండి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి చాకలి సోడాయే మిగులుతుంది. దాన్ని మళ్ళీ వంటింటి డబ్బాలో పోయకండి.

రంగు మచ్చలు మచ్చలుగా వస్తే లోపం కాగితానిది. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ నీళ్ళలో సరిగా కరగదు. స్పిరిట్‌లో కలిపి, కాగితం ముంచి, పొయ్యికి దూరంగా నీడలో ఆరబెట్టండి.

సున్నపు తేటలో ఊదినా పాలలా మారలేదు

మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే సున్నపు తేట పాలలా తెల్లబడాలి. పదిమంది పిల్లల ముందు నాకే ఇలా అయింది. స్ట్రాతో బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదాను, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. కిళ్ళీ కొట్టు నుంచి తెచ్చిన సున్నం నెలల తరబడి మూత లేకుండా ఎండిపోయింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అది అప్పటికే కాల్షియం కార్బొనేట్ అయిపోయింది, అంటే సుద్ద. కొత్త తడి సున్నం ఒక చెంచా సీసాడు నీళ్ళలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట మాత్రం వేరే సీసాలోకి వంచి మూత బిగించండి. ఊదాలే తప్ప పీల్చకూడదు.

పాలలా అయ్యాక కూడా ఊదుతూనే ఉంటే మళ్ళీ తేటపడుతుంది. టెన్షన్ పడొద్దు, సుద్ద కరిగే బైకార్బొనేట్‌గా మారింది, అంతే. మరిగిస్తే తెలుపు తిరిగొస్తుంది.

మందార కషాయం మొదట్నుంచే ఆకుపచ్చ

మందార రసం ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. ఏమీ కలపకుండానే పచ్చబడితే అనుమానించాల్సింది బోరునీళ్ళనే, వాటిలో బైకార్బొనేట్లు ఉండొచ్చు. వాననీళ్ళతో చేయండి, లేదా షాపులో బ్యాటరీ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ళు) కొనండి. బ్యాటరీ యాసిడ్ కాదు సుమా, అది సల్ఫ్యూరిక్ ఆమ్లం. కషాయం ఏ రోజుది ఆ రోజే.

లిట్మస్ మారలేదు

లిట్మస్ అంటే ఆమ్ల-క్షారాలకు రంగు మారే కాగితం. పొడి సబ్బుకు పొడి కాగితం తాకించి ఉంటారు. తడిపి చూడండి.

కారం క్షారమేనా?

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, పేర్లు అలా ఉన్నాయి మరి. ఎండుకారంతో పరీక్షించొద్దు, దాని ఎరుపే కాగితానికి అంటుకుని మోసం చేస్తుంది. పచ్చిమిర్చి చీల్చి పసుపు కాగితం మీద రుద్దండి, మారదు. ఆ మంట మిరపలో ఉండే క్యాప్సైసిన్ అనే పదార్థానిది. చేతులు కడుక్కునే దాకా కళ్ళు నలుపుకోకండి.