అమెరికాలో ఉద్యోగానికి లై డిటెక్టర్ పరీక్ష అంటే, ఒప్పుకునే ముందు జాగ్రత్తలు

• ముందు సంస్థ ఏ రకమో చూడండి. 1988 నాటి పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్) రక్షణ చట్టం కింద చాలా ప్రైవేటు కంపెనీలు పరీక్ష పెట్టడమే కాదు, "ఒకసారి కూర్చుంటారా?" అని అడగడం కూడా తప్పే. ప్రభుత్వ ఉద్యోగాలకు ఈ రక్షణ లేదు. సెక్యూరిటీ సంస్థలకు, మందుల కంపెనీలకు పరిమిత మినహాయింపు ఉంది. ఫార్మాలో చేరే మనవాళ్లు గుర్తుంచుకోండి: ఆ మినహాయింపు నియంత్రిత మందులు (దుర్వినియోగం కాకుండా చట్టం అదుపులో ఉంచిన మందులు) నేరుగా చేతికందే పోస్టులకే.

• మినహాయింపు ఉన్నా తేదీ, సమయం, చోటు రాసిన నోటీసు మామూలుగా 48 గంటల ముందు అందాలి. శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. ప్రశ్నలన్నీ ముందే చూపాలి. మతం, రాజకీయాలు, యూనియన్ సంగతులు అడగకూడదు. మధ్యలో లేచి రావచ్చు.

• "హక్కులు వదులుకుంటున్నాను" అన్న కాగితంపై సంతకం పెట్టకండి.

• అడిగినవారి పేరు, అన్న మాట, తేదీ ఆ రోజే రాసుకోండి. ఫిర్యాదు కార్మిక శాఖ వేతన, పనిగంటల విభాగానికి. దావాకు గడువు 3 ఏళ్లు.