కిడ్నీ జబ్బు ఉన్నవారు విటమిన్ డి మొదలుపెట్టే ముందు

పేరులో విటమిన్ అన్న మాట ఉండడం వల్ల ఈ మందు విషయంలో ఉండవలసిన భయం మనకు ఉండడం లేదు. బీపీ మాత్ర పొరపాటున ఒకటి ఎక్కువ వేసుకుంటే కంగారుపడే ఇంట్లోనే, డి సాచెట్ ఒకటి అదనంగా తాగితే 'బలానికేగా' అని ఊరుకుంటారు. మూత్రపిండాలు బాగున్నవారికి ఆ ఉదాసీనత చాలాసార్లు చెల్లిపోతుంది గానీ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారికి చెల్లదు.

ఎండ తగిలి చర్మంలో తయారైన డి అయినా, మందుగా మింగిన కొలికాల్సిఫెరాల్ అయినా నేరుగా పనిచేయదు. దానిని మొదట కాలేయం ఒక రూపంలోకి మారుస్తుంది. ఆ రూపాన్ని ప్రధానంగా మూత్రపిండాలు కాల్సిట్రియాల్‌గా మారుస్తాయి. పేగుల నుంచి కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ రక్తంలోకి చేర్చేది ఈ చివరి రూపమే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో పొద్దంతా ఎండలో పనిచేసే మనిషికి సైతం జబ్బు ముదిరాక కాల్సిట్రియాల్ కొరత ఏర్పడవచ్చునంటే కారణం ఇదే. లోపం ఎండలో లేదు, చివరి మెట్టులో ఉంది. ఆ మెట్టు కుంటుపడి ఫాస్ఫరస్ పేరుకుపోయేకొద్దీ మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును (పీటీహెచ్) ఎక్కువగా విడుదల చేసి, ఎముకల్లోని కాల్షియాన్ని బయటికి లాగుతాయి.

కాబట్టి చీటీ చేతికి రాగానే మొదట అడగవలసిన ప్రశ్న, ఇది ఏ డి అన్నది. వారానికొకటి చొప్పున తాగమని ఇచ్చే 60,000 యూనిట్ల సాచెట్‌లో ఉండేది కొలికాల్సిఫెరాల్. తూకంలో అది 1,500 మైక్రోగ్రాములు. చిన్న గుళికగా ఇచ్చే కాల్సిట్రియాల్ తరచుగా 0.25 మైక్రోగ్రాము మాత్రమే. అంకె చిన్నది కదా అని మందును తేలికగా తీసుకోకూడదు. శరీరం ఇక మార్చవలసిన అవసరం లేకుండా సిద్ధంగా ఉన్న హార్మోను అది. మూత్రపిండాలతో పని లేకుండా కాలేయం ఒక్కటే మార్చే ఆల్ఫాకాల్సిడాల్ కూడా దాదాపు ఆ కోవలోనిదే. కాల్సిట్రియాల్ వల్ల కాల్షియం త్వరగా పెరగవచ్చు, ఆపితే సాధారణంగా కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. కొలికాల్సిఫెరాల్ మాత్రం కొవ్వులో నిలవ ఉంటుంది కనుక మోతాదు మితిమీరితే ఆపిన తరువాత కూడా వారాలు, ఒక్కోసారి నెలలు వేధిస్తుంది. డయాలిసిస్ దశకు రానివారికి కాల్సిట్రియాల్ తరహా మందులను మామూలుగా వాడవద్దని, జబ్బు తీవ్రతను బట్టి లెక్కించే ఐదు దశల్లో నాలుగు, ఐదు దశలకు చేరి పారాథైరాయిడ్ సమస్య తీవ్రమై ఇంకా పెరుగుతున్నవారికే పరిమితం చేయాలని కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ 2017 నాటి మార్గదర్శకాలు సూచించాయి. పక్కింటివారికి పనిచేసిన గుళిక మనకు తగదని చెప్పడానికి ఇంతకన్నా వివరణ అవసరం లేదు.

అసలు ప్రమాదం తరచుగా ఒక మందుకు తెలియకుండా మరొకటి తోడవడం వల్ల వస్తుంది. మోకాళ్ల నొప్పులకు ఎముకల డాక్టరు రాసిన కాల్షియం గుళికలో కాల్సిట్రియాల్, జింకు కూడా కలిసి ఉండడం మన మందుల దుకాణాల్లో సర్వసాధారణం. అట్ట మీది చిన్న అక్షరాలు చదివితే తప్ప ఆ సంగతి తెలియదు. నీరసంగా ఉందనగానే ఊళ్లో వేసే డి ఇంజెక్షన్లలో 6 లక్షల యూనిట్లవి ఉన్నాయి, అంటే ఒక్క పోటులో పది సాచెట్లు. గోధుమ గింజంత సున్నం మజ్జిగలో కలుపుకుని తాగమనే వాట్సాప్ వైద్యం కూడా కాల్షియమే కనుక ఈ లెక్కలోకే వస్తుంది.

వారానికొకటి వేసుకోవలసినదాన్ని రోజుకొకటిగా వేసుకోవడం మరో పొరపాటు. కొన్న రోజునే ప్రతి సాచెట్ మీద వారం, తేదీ రాసిపెట్టుకుంటే అది చాలావరకు తప్పుతుంది. ఒక మోతాదు మరిచిపోతే తరువాతి రోజున రెండు కలిపి వేసుకోకూడదు.

బీపీకి, కాళ్ల వాపుకు ఇచ్చే క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో కాల్షియం పోవడాన్ని తగ్గిస్తాయి కనుక డితో కలిస్తే రక్తంలో కాల్షియం పెరగవచ్చు. బీపీకి ఒకే మాత్రలో రెండు మందులు కలిపి ఇచ్చేవాటిలోనూ ఇవి ఉంటాయి కనుక పేరు చివరి అక్షరాలు కూడా డాక్టరుకు చూపించాలి. గుండెకు డిగాక్సిన్ వాడేవారిలో కాల్షియం పెరిగితే గుండె లయ తప్పే ముప్పు ఉంది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్పులను సొంతంగా కొని తాగకూడదు. ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందులు ఇందుకు విరుద్ధంగా డి స్థాయిని తగ్గిస్తాయి.

మొదలుపెట్టేముందు కాల్షియం, ఫాస్ఫరస్, అల్బుమిన్, పీటీహెచ్, 25 హైడ్రాక్సీ డి (కాలేయం తయారుచేసే డి రూపం) పరీక్షల ఫలితాలు చేతిలో ఉండడం మంచిది. అల్బుమిన్ ఎందుకంటే, మూత్రంలో ప్రొటీన్ పోయేవారిలో అది తగ్గి, మొత్తం కాల్షియం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. కాల్షియం, ఫాస్ఫరస్ పరీక్షలు మూడో దశలో 6 నుంచి 12 నెలలకు, నాలుగో దశలో 3 నుంచి 6 నెలలకు, ఐదో దశలో 1 నుంచి 3 నెలలకు ఒకసారి చేయించాలన్నది సాధారణ క్రమం. కాల్సిట్రియాల్ మొదలుపెట్టినా, మోతాదు మార్చినా ఇంకా ముందుగానే చేయించవలసి ఉంటుంది. కాల్సిట్రియాల్ వాడుతున్నవారు 25 హైడ్రాక్సీ డి రిపోర్టు బాగుందని ధీమాగా ఉండకూడదు, ఎందుకంటే ఆ పరీక్ష కాల్సిట్రియాల్‌ను కొలవదు. పీటీహెచ్ నార్మల్‌కు రాలేదని మోతాదు పెంచమని ఒత్తిడి చేయడం కూడా తగదు. దానిని మరీ అణచివేస్తే ఎముక తనను తాను మరమ్మతు చేసుకోవడం మందగిస్తుంది.

వికారం, వాంతులు, ఆకలి మందగించడం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మగత రక్తంలో కాల్షియం పెరిగిందనడానికి గుర్తులు. చిక్కేమిటంటే వీటిలో చాలావాటిని ఇంట్లోవారు కిడ్నీ జబ్బు ఖాతాలోనే వేస్తారు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ మరింత పెరుగుతుంది. ఈ లక్షణాలు కొత్తగా మొదలైతే తరువాతి మోతాదు వేసుకునేలోగా అదే రోజు డాక్టరుతో మాట్లాడి కాల్షియం పరీక్ష చేయించాలి. మాట తడబడడం, అయోమయం, గుండె దడ ఉంటే ఫోన్ల కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డయాలిసిస్ చేయించుకునేవారిలో కొందరికి ఈ మందును అక్కడే, డయాలిసిస్ రోజున ఇస్తారు. పాత చీటీలోని గుళికలు ఇంట్లో మిగిలి ఉంటే వాటిని కొనసాగించాలా ఆపాలా అన్నది ఆ మొదటి రోజునే యూనిట్‌లోని డాక్టరును అడిగి, ఆపమంటే అలమరాలోంచి తీసివేయాలి.